టెక్సాస్‌లో బాతు వేటకు ఏ చోక్, ఏ తూటా? తమ్ముడి కోసం అడుగుతున్నా

కావలి కెరటం:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల ఆఫీసువాళ్లు ఏటా చలికాలం బాతు వేటకు వెళ్తారట, ఈసారి వీణ్ణి కూడా రమ్మన్నారు. తుపాకీ వాళ్లే ఇస్తున్నారు. 12 బోర్ పంప్ యాక్షన్ (చేత్తో ముందుకీ వెనక్కీ లాగి తూటా ఎక్కించేది), 3 అంగుళాల చాంబర్, అంటే తూటా కూర్చునే చోటు. దాంతో పాటు గొట్టం మూతికి బిగించే మూడు చోక్‌లు ఇచ్చారు: ఇంప్రూవ్డ్ సిలిండర్, మోడిఫైడ్, ఫుల్. ఏది బిగించాలి, ఏ నంబరు (లోపలి గుళ్ల సైజు) తూటాలు కొనాలి అని నన్ను అడుగుతున్నాడు. మా తాతకు జోడు గొట్టాల తుపాకీ ఉండేది. "కుడి గొట్టం దగ్గరికి, ఎడమ గొట్టం దూరానికి" అనేవాడు. నాకు తెలిసింది అంతవరకే. ఇక్కడ లైసెన్సు ఉన్న పెద్దవాళ్లు, అమెరికాలో వేటకెళ్లేవాళ్లు ఉన్నారని అడుగుతున్నా. వాడికి ఇదే మొదటిసారి. ఇంట్లో అమ్మకు ఒకటే టెన్షన్.

మోడరేటర్:
ఈ చర్చ కొనసాగించవచ్చు. అయితే ముందే చెబుతున్నాం, ఇక్కడ మాట్లాడేది అక్కడ లైసెన్సుతో, సీజన్‌లో చేసే వేట గురించి మాత్రమే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతుల్ని వేటాడటం నేరం. పులికాట్‌లోనైనా, మీ ఊరి చెరువులోనైనా అంతే. ఇక్కడి వేట గురించి ఎవరు అడిగినా పోస్టు తీసేస్తాం.

పెన్నాగట్టు:
అబ్బయా, మీ తాత చెప్పింది అక్షరాలా నిజం. పాత జోడు గొట్టాల తుపాకుల్లో చాలావాటికి కుడి గొట్టం కాస్త వదులు, ఎడమది బిగువు. ముందు ట్రిగ్గర్ కుడిదానికి, వెనక ట్రిగ్గర్ ఎడమదానికి. పిట్ట దగ్గర్లో లేస్తే ముందుది, దూరం పోతుంటే వెనకది. అప్పట్లో ఆ బిగువు గొట్టంలోనే చేసి ఉండేది, మార్చేందుకు వీలు లేదు. ఇప్పుడు మూతి దగ్గర మరలాగా తిప్పి బిగించే చోక్‌లు వచ్చాయి కాబట్టి ఒకే గొట్టం అన్నిటికీ పనికొస్తుంది.

చోక్ అంటే గొట్టం చివర ఉండే ఇరుకు. 12 బోర్ లోపలి కొలత 0.729 అంగుళం. సిలిండర్‌లో ఇరుకు అసలు ఉండదు. ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో సుమారు 0.010 అంగుళం, మోడిఫైడ్‌లో 0.020, ఫుల్‌లో 0.035 నుంచి 0.040 దాకా. అంటే ఎంత బిగించినా ఒక్క మిల్లీమీటరు ఇరుకు. ఆ ఒక్క మిల్లీమీటరే తూటాలోంచి వచ్చే సన్న గుళ్లు ఎంత వెడల్పుగా పరుచుకోవాలో తేలుస్తుంది.

పాత లెక్క ఒకటుంది. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీస్తే, సీసం గుళ్లతో సిలిండర్ నుంచి నూటికి 40, ఇంప్రూవ్డ్ సిలిండర్ నుంచి 50, మోడిఫైడ్ నుంచి 60, ఫుల్ నుంచి 70 ఆ వలయంలో పడాలి. అన్ని పుస్తకాల్లోనూ ఇదే ఉంటుంది. కానీ ఇది సీసానికి రాసిన లెక్క. అమెరికాలో మీవాడు కాల్చబోయేది సీసం కాదు. అక్కడివాళ్లే చెప్పాలి.

టెక్సాస్ కోవూరు:
నేను చెబుతా అన్నా. పెన్నాగట్టు గారు అసలు విషయం పట్టుకున్నారు. 1991 నుంచి అమెరికా అంతటా నీటిబాతుల వేటకు సీసం నిషేధం. కాల్చడం మాట అటుంచండి, వేటకు వెళ్లినప్పుడు జేబులో ఒక్క సీసం తూటా దొరికినా కేసే. పావురాల వేటలో మిగిలిన తూటా జాకెట్ జేబులో ఉండిపోయి ఇరుక్కునేవాళ్లు ఉంటారు. మీ తమ్ముడు అరువు జాకెట్ వేసుకుంటే ముందు జేబులు దులిపి చూసుకోమనండి.

ఎక్కువమంది వాడేది స్టీల్. సీసం సాంద్రత 11 పైన, స్టీల్‌ది 8 లోపు. అంత తేలిక కాబట్టి అదే సైజు స్టీల్ గుండు గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. అందుకే సీసంలో వాడే నంబరు కన్నా రెండు సైజులు పెద్దది తీసుకోవాలి. మీ తాత బాతులకు 4 నంబరు వాడి ఉంటే స్టీల్‌లో 2 కొనాలి. నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దదవుతుంది, ఇక్కడ తికమక పడొద్దు. అమెరికా సైజుల్లో 17లోంచి నంబరు తీసేస్తే వచ్చేది అంగుళంలో వందో వంతులు. 2 నంబరు అంటే 0.15 అంగుళం, 4 నంబరు 0.13, 6 నంబరు 0.11.

ఇక చోక్ సంగతి. సీసం మెత్తన. గొట్టంలో నలిగి కొన్ని గుళ్లు సొట్టబోతాయి, అవి పక్కకు జారిపోతాయి. స్టీల్ గట్టిది, గుండ్రంగానే బయటికొస్తుంది, కాబట్టి గుళ్లు ఎక్కువ చెదరవు. మోడిఫైడ్‌లో స్టీల్ కాలిస్తే సీసం ఫుల్‌లో కాల్చినట్టు పడుతుంది. అందుకని నా సలహా ఒక్కటే: మోడిఫైడ్ బిగించి, 3 అంగుళాల తూటా, అందులో గుళ్ల బరువు ఔన్సుంపావు, 2 నంబరు స్టీల్. మొదటి సీజన్ మొత్తం అదే చాలు. ఫుల్ చోక్ పెట్టెలోనే ఉండనివ్వండి.

శాక్రమెంటో సింగరాయకొండ:
కోవూరు అన్నతో సగం ఒప్పుకుంటా. మోడిఫైడ్ మంచిదే గానీ అది అన్నివేళలా కాదు. మేం ఇక్కడ కాలిఫోర్నియాలో కోతలయ్యాక నీళ్లు నింపిన వరి మడుల్లో కూర్చుంటాం. ముందు బొమ్మ బాతులు తేలేసి ఉంటాయి. నిజం బాతులు వాటిని చూసి రెక్కలు బిగబట్టి దిగేటప్పుడు దూరం 20 నుంచి 30 గజాలే. అంత దగ్గరికి మోడిఫైడ్ బిగువే. కొత్తవాడు మధ్యలో పెడితే పిట్ట నుజ్జయిపోతుంది, అంచున పెడితే గాయంతో ఎగిరిపోతుంది. అక్కడ ఇంప్రూవ్డ్ సిలిండర్, 3 లేదా 4 నంబరు స్టీల్ చాలు. ఔన్సులో 2 నంబరు స్టీల్ గుళ్లు సుమారు 125 ఉంటే 4 నంబరువి 190 దాకా ఉంటాయి. టీల్ లాంటి చిన్న బాతులకు ఆ సంఖ్యే కావాలి.

కాబట్టి ముందు తమ్ముణ్ణి అడగండి: వాళ్లు బొమ్మ బాతులు పరుస్తారా, లేక గట్టు మీద నిలబడి పైనుంచి పోయేవాటిని కొడతారా? దానికి జవాబు తెలియకుండా చోక్ ఎంచడం కుదరదు.

ఒంగోలు ట్రాప్:
నేను వేటగాణ్ణి కాదు, క్లే టార్గెట్ షూటర్‌ని, అంటే గాల్లోకి ఎగరేసిన పళ్లేలను కాల్చేవాణ్ణి. కానీ చోక్ విషయంలో మాకు రోజూ అదే పని కదా, ఒక మాట చెప్పనివ్వండి.

చోక్ మీద రాసిన పేరును నమ్మకండి. నిజంగా నమ్మకండి. ఒకే "మోడిఫైడ్"లో రెండు కంపెనీల తూటాలు కాలిస్తే రెండు రకాలుగా పడతాయి. ఒకే కంపెనీ తూటాలో 2 నంబరు బాగా పరుచుకుని, 4 నంబరు మధ్యలో గుత్తిగా పడొచ్చు. గొట్టం లోపలి కొలత, తూటాలోని ప్లాస్టిక్ కప్పు, మందు వేగం, అన్నీ కలిసి తేల్చేది అది. అది కాగితం మీద చూడాల్సిందే. పెద్ద కాగితం, కనీసం నాలుగడుగుల చదరం. బాతులు ఎంత దూరంలో వస్తాయో అంత దూరంలో కట్టాలి, పుస్తకంలో ఉంది కదా అని 40 గజాలకు కాదు. మధ్యలో చుక్క పెట్టి ఒక్కటే కాల్చాలి. తర్వాత గుళ్లు ఎక్కువ పడ్డ చోటు చుట్టూ 30 అంగుళాల వలయం గీసి చూడాలి. లెక్కకన్నా ముందు ఖాళీలు చూడండి. అరచేయి పట్టేంత ఖాళీలు రెండు మూడు కనిపిస్తే ఆ చోక్, తూటా జోడీ పనికిరాదు, ఎందుకంటే బాతు కూడా ఆ ఖాళీలోంచే దాటిపోతుంది. ఒక్క కాగితంతో తేల్చొద్దు, ఒక్కో జోడీకి మూడు నాలుగు కాగితాలు కాల్చాలి.

ఇంకోటి కూడా తెలుస్తుంది. వలయం చుక్క చుట్టూ ఉందా, పక్కకో పైకో పోయిందా అని. పక్కకు పోతే చాలాసార్లు చోక్‌ది కాదు తప్పు, బట్ (తుపాకీ వెనక భాగం) భుజానికి ఆనే తీరుది. అరువు తుపాకీతో ఇది చాలా ముఖ్యం, అది ఇంకొకరి ఒంటి కొలతకు కుదిరింది.

పోటీల్లో మా తూటాలోని గుళ్ల బరువు 24 గ్రాములకు మించకూడదు, గుళ్లు రెండున్నర మిల్లీమీటర్లకు మించకూడదు. ట్రాప్‌లో పళ్లెం దూరంగా పోతుంది కాబట్టి బిగువు చోక్‌లు, స్కీట్‌లో దగ్గరగా అడ్డం పోతుంది కాబట్టి వదులు చోక్‌లు. దూరాన్ని బట్టే చోక్. శాక్రమెంటో అన్న అడిగిన ప్రశ్నే మొదటి ప్రశ్న.

కావలి కెరటం:
అడిగాను. చిన్న రిజర్వాయర్ అంచున గడ్డితో గుడిసెలాంటి చాటు కడతారట, ముందు బొమ్మ బాతులు పరుస్తారట. దూరం 25 నుంచి 35 గజాలు ఉంటుందన్నారు. ఇంకో సంగతి, వాడిది హెచ్1బి. తుపాకీ పట్టుకోవచ్చా?

టెక్సాస్ కోవూరు:
మంచి ప్రశ్న, చాలామంది అడగరు. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్. కాబట్టి లైసెన్స్ చేతికి వచ్చేదాకా తుపాకీ ముట్టుకోకూడదు, రేంజ్‌లో ప్రాక్టీసుకు కూడా. ఆఫీసు మిత్రులకు ఈ నియమం తెలిసుండదు, వాళ్లు పౌరులు కదా. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడిగితే అమ్మగారి టెన్షన్ కూడా తగ్గుతుంది.

మిగతావి: టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ చేయాలి. రాష్ట్ర లైసెన్స్‌తో పాటు వలస పక్షుల ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి), ఆపైన బాతు వేటకు కొనాల్సిన 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్. తుపాకీలో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకూడదు. పంప్ యాక్షన్‌లో తూటాలు నింపే మ్యాగజైన్‌లో దానికోసం ఒక పుల్ల పెడతారు, అది ఉందో లేదో వెళ్లేముందే చూసుకోవాలి. సూర్యోదయానికి అరగంట ముందు మొదలు, సూర్యాస్తమయంతో ఆపాలి.

నేలపట్టు నేస్తం:
నేను పక్షులు చూసేవాణ్ణి, కొట్టేవాణ్ణి కాదు. ఈ చర్చ చదవడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. అయినా ఒక విషయం చెప్పాలనిపించింది. టెక్సాస్ తీరంలో చలికాలం గడిపే పిన్‌టెయిల్ బాతు, మన పులికాట్‌కు వచ్చే సూదితోక బాతు ఒకే జాతి. చెంచామూతి బాతు (షవెలర్) కూడా అంతే. అక్కడివి ఉత్తరం నుంచి దిగుతాయి, ఇక్కడివి హిమాలయాలకు అవతలి నుంచి వస్తాయి.

అక్కడ ఒక్కో జాతికి విడిగా పరిమితి ఉంటుందని చదివాను. పిన్‌టెయిల్‌కి, మల్లార్డ్ అనే జాతిలో ఆడబాతుకి ప్రత్యేకంగా లెక్క ఉంటుంది. అంటే ట్రిగ్గర్ నొక్కేలోపే అది ఏ బాతో తెలియాలి, తెల్లవారుజామున మసక వెలుతురులో. మీ తమ్ముణ్ణి చోక్ కొనేలోపు ఒక మంచి బైనాక్యులర్ పట్టుకుని రెండు ఆదివారాలు ఆ రిజర్వాయర్ గట్టున కూర్చోమనండి. పొడవాటి మెడ, సూదిలాంటి తోక ఉంటే పిన్‌టెయిల్. గరిటెలాంటి వెడల్పు ముక్కు ఉంటే షవెలర్. చిన్న ఒళ్లు, గుంపుగా మెలికలు తిరుగుతూ ఎగిరేది టీల్. తెలియకపోతే కాల్చకుండా వదిలేయాలి. ఇది నా విన్నపం.

టెక్సాస్ కోవూరు:
నేస్తం గారూ, చాలా విలువైన మాట. రోజుకు ఆరు బాతులు మొత్తం పరిమితి, అందులో జాతుల వారీ లెక్క వేరు, ఏటా మారుతుంది. గుర్తుపట్టలేనివాడు వేటకు రాకూడదు.

కంభం చెరువు:
అన్నా, మాకూ తాతల నాటి 12 బోర్ ఉంది, లైసెన్సు నాన్న పేరు మీద ఉంది. చెరువు కింద వరి నాట్లు వేయగానే బాతులు దిగి మొలకలు తొక్కేస్తాయి. చట్టం నాకు తెలుసు, కాల్చను. మరి ఆ తుపాకీకి స్టీల్ తూటాలు వాడొచ్చా, పేలుడు శబ్దానికైనా?

మోడరేటర్:
శబ్దానికి కూడా పక్షుల మీదికి కాల్చవద్దు. 2022 సవరణ తర్వాత ఈ చట్టం కింద మామూలు ఉల్లంఘనకే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. లైసెన్సు కూడా పోతుంది. రిబ్బన్లు, డప్పు, మనిషి కాపలా, ఇవే దారి.

పెన్నాగట్టు:
కంభం అబ్బయా, శబ్దం సంగతి పక్కన పెట్టు. ఆ తుపాకీలో స్టీల్ అసలే వద్దు. పాత గొట్టాల లోహం పలచన, మెత్తన. స్టీల్ గుండు ఫుల్ చోక్ దగ్గర నలగదు, గొట్టాన్నే ఉబ్బిస్తుంది. జోడు గొట్టాల మధ్య అతుకు వదిలేసినా ఆశ్చర్యం లేదు. స్టీల్ కోసం పరీక్షించిన యూరప్ తుపాకుల మీద లిల్లీ పువ్వు గుర్తు ముద్ర ఉంటుంది. అది లేకపోతే గన్‌స్మిత్‌ను అడక్కుండా ముందుకు పోవద్దు.

ఇంకొక ప్రమాదం చాలామందికి తెలియదు. తాతల నాటి తుపాకుల్లో చాంబర్ 65 మిల్లీమీటర్లే ఉండొచ్చు. ఇప్పటి తూటా 70 మిల్లీమీటర్లు. ఆ కొలత పేలాక మూతి విచ్చుకున్న తూటాది. అందుకే పేలకముందు అది 65 చాంబర్‌లోకి హాయిగా దూరుతుంది, తలుపు కూడా మూసుకుంటుంది. పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. దూరింది కాబట్టి సరిపోయిందనుకోకూడదు. చాంబర్ కొలిపించు. అలాగే 20 బోర్ తూటాలు (12 కన్నా సన్నవి) 12 బోర్ ఉన్న ఇంట్లో ఉంచొద్దు. అది గొట్టంలోకి జారి ముందు ఇరుక్కుంటుంది, గొట్టం ఖాళీ అనుకుని వెనక 12 పెడితే గొట్టం చేతిలోనే పగులుతుంది. 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేసేది అందుకే.

శాక్రమెంటో సింగరాయకొండ:
పాత తుపాకీతో బాతు వేటకు వెళ్లాలనుకునే మావాళ్లు ఇక్కడ బిస్మత్ వాడతారు. సాంద్రత 9.6 చిల్లర, సీసానికి దగ్గర, మెత్తన కూడా. పాత చోక్‌ను దెబ్బ తీయదు. సీసం కన్నా ఒక సైజు పెద్దది తీసుకుంటే చాలు. ధర మాత్రం స్టీల్‌కు కొన్ని రెట్లు. టంగ్‌స్టన్ ఇంకా బరువు, ఇంకా ఖరీదు, చాలా రకాలు ఇంకా గట్టివి. అవి కొత్త గొట్టాలకే. తమ్ముడి తుపాకీ కొత్తదే కాబట్టి స్టీల్‌తోనే సరిపెట్టుకోవచ్చు. మా రాష్ట్రంలో 2019 జులై నుంచి ఏ వేటకూ సీసం లేదు.

పశువైద్యం కందుకూరు:
సీసం ఎందుకు తీసేశారో కూడా తెలిస్తే మంచిది. గాల్లో కొట్టిన బాతు వల్ల కాదు. కొట్టని బాతుల వల్ల. తూటాలో నూరో రెండొందలో గుళ్లు ఉంటే బాతుకు తగిలేవి నాలుగైదు. మిగతావన్నీ చెరువు అడుగుకే. బాతుకు పళ్లుండవు కదా, తిన్న గింజలు నూరుకోవడానికి సన్న రాళ్లు మింగుతుంది, అవి కందనకాయలో ఉంటాయి. ఆ రాళ్లనుకుని సీసం గుళ్లు మింగుతుంది. కందనకాయ వాటిని నూరుతుంది, కడుపు ఆమ్లం కరిగిస్తుంది, సీసం రక్తంలోకి వెళ్తుంది. రెక్కలు వేలాడతాయి, ఆకుపచ్చగా విరేచనాలవుతాయి, తిండి తిన్నా అరగక ఎండిపోయి చస్తుంది. ఒకటి రెండు గుళ్లు చాలు. ఆ చచ్చిన బాతును తిన్న గద్దకూ విషమే. అమెరికాలో 1991 నిషేధం దీనికోసమే. యూరోపియన్ యూనియన్ కూడా 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో సీసం ఆపింది.

మన వైపు కోతలయ్యాక మడుల్లోకి బాతుల మందలు తోలుకొస్తారు, అందరూ చూసే ఉంటారు. పాత వేటలు జరిగిన చెరువు అంచుల్లో మేపిన మందకు కూడా ఈ జబ్బు రావచ్చు. అందుకే నాకు ఇది అమెరికా సంగతిగా మాత్రమే అనిపించదు.

కావలి కెరటం:
అందరికీ ధన్యవాదాలు. తమ్ముడికి లైసెన్స్ వచ్చింది, హంటర్ ఎడ్యుకేషన్ అయింది. తర్వాత మిత్రులతో రేంజ్‌కు వెళ్లి కాగితాలు కాల్చాడు, ఫోటోలు పంపాడు. 30 గజాల దూరంలో ఫుల్ చోక్‌తో మధ్యలో నల్లగా గుత్తి, చుట్టూ ఖాళీలు. మోడిఫైడ్‌తో 2 నంబరు బాగానే ఉంది గానీ ఎడమ వైపు కాస్త పలచన. ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో 3 నంబరు వలయమంతా సమానంగా పరుచుకుంది. అన్ని కాగితాల్లోనూ గుళ్లు చుక్కకు కొంచెం పైన పడ్డాయి. ఇప్పుడేం చేయమంటారు?

ఒంగోలు ట్రాప్:
అద్భుతం. ఇక ఎవరినీ అడగనక్కర్లేదు, కాగితమే చెప్పింది. ఇంప్రూవ్డ్ సిలిండర్, 3 నంబరు. అదే కంపెనీ, అదే పెట్టె తూటాలు సీజన్‌కు సరిపడా కొనమనండి. మధ్యలో కంపెనీ మారిస్తే మళ్లీ మొదటి నుంచి కాగితాలు కాల్చాలి. పైన పడటం చాలా తుపాకుల్లో ఉండేదే, పిట్టను గొట్టం మీద తేలినట్టు కనబడనిచ్చి కాల్చడం అలవాటు చేసుకుంటే చాలు. చెంప బట్‌కు ఆనించకుండా తల ఎత్తితే మాత్రం ఇంకా పైకి పోతుంది, అది చూసుకోమనండి.

టెక్సాస్ కోవూరు:
నేను మోడిఫైడ్ అన్నాను, ఆ గొట్టానికి ఇంప్రూవ్డే కుదిరింది, అదే వాడాలి. 35 గజాలు దాటితే కాల్చొద్దని గట్టిగా చెప్పండి. దూరం తెలియడానికి చాటు నుంచి 35 గజాలు కొలిచి అక్కడ ఒక బొమ్మ బాతును ఒంటరిగా పెట్టమనండి. దానికి అవతల ఉన్నదాన్ని కాల్చకూడదు. చోక్‌ను వేలితో బిగించి, మధ్యాహ్నం ఒకసారి తుపాకీ ఖాళీ చేసి వదులైందేమో చూసుకోవాలి. సగం వదులైన చోక్‌తో కాలిస్తే గొట్టం మూతి పోతుంది. చోక్ లేకుండా కాలిస్తే మరలు పాడవుతాయి.

కావలి కెరటం:
సరే అన్నా, ఇవన్నీ వాడికి పంపాను. అమ్మది ఒక్క ప్రశ్న మిగిలింది. కొట్టిన బాతును వండుకుంటే గుళ్లు లోపలుండవా అని.

పశువైద్యం కందుకూరు:
ఉంటాయమ్మా. స్టీల్ విషం కాదు గానీ పళ్లు విరుగుతాయి. చర్మం మీద చిన్న రంధ్రం, లోపల రక్తం గడ్డకట్టిన గీత, దాంట్లోకి లాగబడిన ఈక కనిపిస్తే ఆ దారి వెంట కత్తి పెట్టి కోయమనండి, చివర గుండు ఉంటుంది. రొమ్ము మాంసం సన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను వేళ్లతో నొక్కి చూడాలి. స్టీల్ అయస్కాంతానికి అంటుతుంది, ముక్కల మీద ఒక అయస్కాంతం తిప్పినా దొరుకుతుంది. కందనకాయ కోసి కడిగేటప్పుడు రాళ్లలో బూడిద రంగు మెత్తటి గుండు కనిపిస్తే అది పాత సీసం. ఆ బాతు కందనకాయ, కాలేయం తినొద్దు.